కప్పు లేని ఇంటికి తాళం

పోయిన వారం కుప్పంలో ఒక అద్దె ఇంట్లోకి అడుగు పెట్టగానే కొత్త సున్నం వాసన గుప్పుమంది. పండగ లేదు, పెళ్లి లేదు, చుట్టాలొచ్చిన జాడ కూడా లేదు. అద్దెకున్న మనిషి సొంత ఖర్చుతో ఒకే ఒక్క గోడకు సున్నం కొట్టించుకున్నాడంటే ఆ గోడలో ఏదో ఉందన్నమాటే. చెయ్యి తిప్పి, వేళ్ల వెనక భాగం గోడకు ఆనించాను. చెమ్మ. అవతల స్నానాల గదిలో పైపు లోపల్లోపలే కారుతోంది. "ముందే చెప్పొచ్చు కదప్పా?" అంటే ఆయన నేల చూపులు చూశాడు. ప్లంబర్‌ని పిలిపించి, గోడ కొట్టించి, పైపు మార్పించి గానీ ఆ ఊరు వదల్లేదు. తిరుగు బస్సులో వస్తున్నంత సేపూ ఆ సున్నం వాసన ముక్కులోనే ఉంది. దాంతోపాటే సిస్టరమ్మ గుర్తొచ్చింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో ఇళ్లు కొని అద్దెకిచ్చుకున్నవాళ్ల తరఫున వాటి మంచిచెడ్డలు చూడడం నా పని. కుళాయి కారినా, తలుపు జారినా, మోటారు కాలినా ఫోను నాకే వస్తుంది. దేన్ని బాగు చేయించాలి, దేన్ని తీసి పారేసి కొత్తది వెయ్యాలి అనే తగవు రోజూ ఉండేదే. యజమాని అతుకు చాలంటాడు, అద్దెకున్నవాళ్లు కొత్తది కావాలంటారు, మధ్యలో తిట్లు నాకు. పెద్దమండ్యం పక్కన మెట్టచేలు దున్నుకునే ఇంట్లో పుట్టినదానివి, నీకీ పని ఎలా అబ్బిందని చాలామంది అడుగుతుంటారు. సిస్టరమ్మ దగ్గర అబ్బింది. అసలు పేరు ఎస్తేరమ్మ. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి ఊళ్లో అందరికీ సిస్టరమ్మే. పెళ్లి చేసుకోలేదు. జీతంలో మిగిల్చుకుంటూ మదనపల్లెలో ఒక వరస ఇళ్లు, పుంగనూరులో ఒక ఇల్లు, కుప్పంలో ఒక మేడ సంపాదించింది. తెల్లచీర, చేతిలో గొడుగు, కాళ్లకు కాన్వాసు బూట్లు. ఆస్పత్రిలో వార్డులు తిరిగినట్టే ఈ ఇళ్లన్నీ తిరిగేది. గోడ మీద చెయ్యి తిప్పి పెట్టే అలవాటు కూడా ఆమెదే. జ్వరం చూసిన చెయ్యి కదా.

మొదట నేను ఆమె ఇంట్లో అద్దెకున్నాను. ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాసేదాన్ని. వంటింట్లో కుళాయి కారుతుంటే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టింది. స్టూలు లాక్కుని వంటింట్లో కూర్చుని, "ఫోటోలో నీళ్లు కనబడతాయి గానీ మనిషి కనబడదమ్మా. నువ్వు పని జేసుకో, నేనిట్ల కూసుంటా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసుకు వేళవుతుంటే ఈవిడ చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చోవడమేంటి? అన్నం వండాను, కూర చేశాను, గిన్నెలు తోముకున్నాను. ఆమె కళ్లార్పకుండా చూసింది. లేచేటప్పుడు, "కుళాయికి వాషరేస్తే సాలు. సింకు ఎత్తు సాలదు. నువ్వు వంగి వంగి తోముతాండావు, నాలుగేండ్లకు నడుము పోతాది" అని వెళ్లిపోయింది. ఆ వారంలోనే మనిషిని పంపి సింకు ఎత్తు పెంచి కట్టించింది. నేను అడిగిందొకటి, ఆమె చేయించింది మరొకటి. ఆ రోజు నుంచి నడుము నొప్పి అన్న మాట నా నోట రాలేదు.

కొన్నాళ్లకు, "లెక్కలు నువ్వు సూసుకో, ఇండ్లు నేను సూసుకుంటా" అని తన పనిలోకి రమ్మంది. వెళ్లాను. ఇద్దరం బస్సుల్లో తిరిగేవాళ్లం. వాదనలు మాత్రం తప్పేవి కావు. కుప్పం మేడలో కాలేజీ పిల్లలు ఉండేవాళ్లు. తలుపులు పాతబడ్డాయి, రంగులు వేయించమని గోల పెట్టేవాళ్లు. తలుపు సంగతి ఆమె పట్టించుకోలేదు. వాళ్లు బకెట్‌లో కాయిల్ పెట్టి నీళ్లు కాచుకోవడం చూసి మాత్రం గుండె మీద చెయ్యేసుకుంది. పాత వైరు వేడెక్కి ఉంది. ఎలక్ట్రీషియన్ ఆ ఒక్క ప్లగ్గు మారుస్తానన్నాడు. ససేమిరా అంది. మేడంతా కొత్త వైరు లాగించింది. "ఆ రంగులేవో వేయిస్తే అద్దె పెంచుకోవచ్చు కదా, గోడలో దాక్కున్న వైరు ఎవరికి కనబడుతుంది?" అన్నాను. "కరెంటు, నీళ్లు, మిద్దె. ఈ మూడిట్లో అతుకులొద్దమ్మా. తక్కినవాటికి ఎన్ని అతుకులైనా ఏసుకో" అంది. పిల్లలు తలుపు మీద సుద్దతో 'పురావస్తు శాఖ' అని రాశారు. చదివి పడీపడీ నవ్వింది గానీ తలుపు మార్చలేదు.

ఆమెకు ఇంకో లెక్క ఉండేది. ఫోను చేసి అరిచేవాళ్లను చూసి ఎప్పుడూ విసుక్కునేది కాదు. "ఆళ్లతో భయం లేదు నిర్మలా. ఏడాదంతా ఒక్కటంటే ఒక్కటి అడగని ఇల్లుంటాది సూడు, దానికి భయపడల్ల" అనేది. మా వాటిల్లో అలాంటి ఇల్లు ఒక్కటే, పుంగనూరుది. అందులో మునెమ్మ ఉండేది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుని, వీధి అరుగు మీద దోసెలు పోసి అమ్ముకునేది. పక్కనే బడి, ఎదురుగా ఆటోల స్టాండు. పొద్దున్నే అరుగు ముందు జనం నిలబడి తినేవాళ్లు. అరుగే ఆమెకు అన్నం పెట్టేది. అద్దె ఒకటో తేదీకల్లా వచ్చేసేది, ఫిర్యాదు అనేది లేదు. నాకైతే ఆమెంత మంచి టెనెంటు ఇంకెవరూ లేరనిపించేది.

ఒకసారి మేం వెళ్లేసరికి ఆ ఇంట్లో సున్నం వాసన. సిస్టరమ్మ ముక్కు ఎగబీల్చి, నా వైపు చూసింది. మునెమ్మ కాఫీ పెడతానని హడావిడి పడుతోంది. నడిమి గదిలోకి మమ్మల్ని రానివ్వకుండా అరుగు మీదే చాప పరిచింది. "బస్సులో నడుము పట్టేసిందమ్మా, రొంత సేపు లోపల పండుకుంటా" అంటూ సిస్టరమ్మ బూట్లు విప్పి, చెప్పకుండానే నడిమి గదిలోకి పోయి, నేల మీద వెల్లకిలా పడుకుంది. ఆ వయసులో, తెల్లచీరతో, గచ్చు మీద! కళ్లు మూసుకుంటుందనుకున్నాను. రెండు కళ్లూ పైకప్పు మీదే, ఆ మిద్దె మీదే పెట్టింది. నేనూ పైకి చూశాను. మధ్యలో చాలా మేర మిద్దె కిందికి ఉబ్బి ఉంది, దాని మీద కొత్త సున్నం తళతళలాడుతోంది.

"పిల్లోళ్లు పండుకునేది యాడ?" అనడిగింది పడుకునే.

"ఆ మూలన సిస్టరమ్మా."

"ముగ్గురూ ఆ మూలనేనా? ఇంత గది ఉండాదే, నడిమధ్యలో యాల పండుకోరు?"

సిస్టరమ్మ లేచి పక్కకొచ్చి, చీపురు తిరగేసి పైకి పొడవమని నాకు సైగ చేసింది. నేను పొడిచాను. డొల్లగా మోగింది. ఇంకోసారి పొడిచేసరికి పళ్లెమంత పెళ్ల ఊడి దబ్బున కిందపడింది. పైన ఇనుప కమ్మి మొత్తం తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంది. పిల్లలు ఎక్కడున్నారోనని అటూ ఇటూ చూశాను. మునెమ్మ మాత్రం ఆ పెళ్ల వంకయినా చూడలేదు. సిస్టరమ్మ చేతులు రెండూ పట్టుకుని ఏడుపు గొంతుతో అరిచింది: "నేను అడగలేదు సిస్టరమ్మా! రిపేరని నేను ఒక్క మాటన్నా అన్నానా? సిమెంటు నేనే పూసుకున్నా, సున్నం నేనే కొట్టుకున్నా. నాకు రిపేరొద్దు!"

వినేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఇక్కడి ఊళ్లలో అద్దెకున్నవాళ్లకు వింత కాదు. యజమాని నోట రిపేరు అన్న మాట వచ్చిందంటే ఖాళీ చెయ్యమని అర్థం. మునెమ్మకు అంతకు ముందొకసారి అనుభవమైంది. వేరే వీధిలో ఉండగా, పని కాగానే పిలుస్తానని ఒట్టేసి పంపించిన యజమాని, పని కాగానే ఇంకొకరిని దింపాడు. దోసెల బేరం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకుంది. అందుకే ఈసారి మిద్దె నెత్తిన కూలేదాకా వచ్చినా పిల్లల్ని మూలకు జరిపింది గానీ నోరు విప్పలేదు. మిద్దె మారిస్తే ఇల్లు పోతుందని ఆమె భయం. మార్చకపోతే ఏం పోతుందో నాకు కళ్లెదురుగా కనబడుతోంది.

నారాయణప్ప మేస్త్రిని పిలిపించాం. తట్టి, గీకి చూసి, "రెండు దార్లుండాయి సిస్టరమ్మా. కమ్మి గీకి, మందు పూసి, సిమెంటు పట్టిస్తే కొన్నేండ్లు నిలబడతాది. లేదంటే మిద్దె పగలగొట్టి కొత్తది ఏసుకోవల్ల" అన్నాడు. మునెమ్మ మొదటిదే చాలని ప్రాధేయపడింది. నేనూ అదే చాలన్నాను, ఆమె ముఖం చూసి. సిస్టరమ్మ ఊడిపడిన పెళ్లను చేతిలోకి తీసుకుని అంచును వేళ్లతో నలిపింది. "మిద్దెకు అతుకెయ్యను మునెమ్మా" అంది. "కొత్తదేస్తాం. అయినాంక నువ్వే వస్తావు."

"ఆ సావుకారూ ఇట్లే జెప్పినాడు" అంది మునెమ్మ. పెడసరంగా అనలేదు. అలసిపోయి అంది.

కాగితం రాసిద్దామన్నాను నేను. "కాయితం పెట్టుకోని నేను యాడికి పోయేదమ్మా, కోర్టుకా?" అని మునెమ్మ నవ్వింది. సిస్టరమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఇంత ఖర్చు పెట్టుకుంటానంటే నమ్మరా అని ఎవరైనా అంటారు. ఆమె అనలేదు. "నమ్మొద్దులే. నీ దగ్గర తాళముండాదా?" అంది. ఉంది, గట్టిది, నల్లటి ఇనుప తాళం. "నువ్వు సామాన్లు ఎత్తినాంక ఈ తలుపుకు నీ తాళమే ఏసుకో. తాళంచెవి నీ దగ్గరే. మేస్త్రి రోజూ నీ దగ్గరికొచ్చి తీయమని అడగల్ల. నేనొచ్చినా నిన్నే అడగల్ల. రెండో చెవి ఉంటే అదీ నువ్వే పెట్టుకో." మునెమ్మ తాళంచెవి తెచ్చి కొంగున ముడేసుకుంది. నేనైతే ఇదేం పిచ్చి అనుకున్నాను.

సందు చివర చర్చివాళ్ల గది ఒకటి మాట్లాడి మునెమ్మను అందులో పెట్టాం. పని నడిచినన్నాళ్లూ అద్దె లేదు. వీధి మలుపులో టార్పాలిన్ కట్టి దోసెలు పోసుకుంది. సిస్టరమ్మ తలుపు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాక మిద్దె పగలగొట్టడం మొదలైంది. ఇక చూడాలి ఆ తమాషా. కప్పు లేదు, పైనుంచి చూస్తే ఆకాశం, ముందు మాత్రం పెద్ద తాళం. "నిచ్చెనేసుకోని గోడ దూకితే లోపలుంటా, ఈ తాళమేందిరా దేవుడా" అని నారాయణప్ప రోజూ తలబాదుకునేవాడు. బాదుకుంటూనే మలుపు దాకా పోయి, రెండు దోసెలు తిని, మునెమ్మను వెంటబెట్టుకొచ్చి తలుపు తీయించుకునేవాడు. వీధివీధంతా నవ్వుకునేది. కానీ ఆ తాళం ఎవరిదో మాత్రం అందరికీ తెలిసిపోయింది.

ఒకరోజు కొత్త మిద్దె పోతకు కొట్టిన సెంట్రింగ్ చెక్కలు చూద్దామని మేం వెళ్లేసరికి మునెమ్మ పిండి మిల్లుకు పోయి ఉంది. మంచి ఎండ. సిస్టరమ్మ గొడుగు వేసుకుని తలుపు ముందే నిలబడింది. మేస్త్రి పక్కింటి మీదుగా పోదాం రమ్మన్నాడు, ఆమె కదల్లేదు. నాకు కోపం ఆగలేదు. "మీ ఇంటి ముందు మీరు ఇట్లా పడిగాపులు పడడమేంటండీ? ఊళ్లోవాళ్లు చూస్తున్నారు!" అన్నాను.

"సూడనీలే. సూడల్లనే నిలబడిండాను" అంది. "మునెమ్మకు నేను మాటిచ్చినా. నా మాట నాతోటే పోతాది గదా నిర్మలా. ఈ వీధిలో ఇంతమంది సూసింది యాడికి పోతాది?" మునెమ్మ పిండి గిన్నె నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. యజమానురాలు చెమటలు కక్కుతూ నిలబడి, "రొంత తలుపు తీస్తావామ్మా?" అని అడగడం నేను చూశాను, వీధంతా చూసింది.

కొత్త మిద్దె వేశారు. అది గట్టిపడడానికి దాని మీద కట్టిన నీళ్లు ఇంకా ఆరకముందే సిస్టరమ్మ పోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, అలాగే వాలిపోయింది. ఆసుపత్రిలో ఆమెతో పనిచేసినవాళ్లు, అద్దెకున్నవాళ్లు, కుప్పం పిల్లలు, అందరూ వచ్చారు. సమాధి గుంత పూడ్చాక మునెమ్మ నా పక్కకొచ్చి, కొంగుముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టబోయింది. "ఇంగ ఇది ఎవురికియ్యల్ల నిర్మలమ్మా?" అంది. అడగకుండానే తిరిగిచ్చెయ్యడానికి సిద్ధపడి వచ్చింది. దాన్ని ఆమె గుప్పిట్లోకే తిరిగి నెట్టాను. "ఎవరికీ ఇవ్వద్దు. నీ కొంగునే ఉండనీ" అన్నాను. నాకా మాట అనే హక్కు ఉందో లేదో అప్పుడు తెలీదు.

ఆస్తులు సిస్టరమ్మ తమ్ముడి కొడుకు ప్రభాకర్‌కు వచ్చాయి. బెంగళూరులో ఉద్యోగం, మర్యాదస్థుడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన లెక్కలో తప్పు లేదు. ఉన్నదంతా ఊడ్చి అత్త ఆ మిద్దె మీద పెట్టింది. పుంగనూరులో సెల్‌ఫోన్ల షాపువాళ్లు వచ్చి ఆ ఇల్లు తమకిమ్మని, మునెమ్మ ఇచ్చేదానికి ఎన్నో రెట్లు ఇస్తామన్నారు. "ఇన్వెస్ట్‌మెంట్ అన్నాక రిటర్న్ ఉండాలి కదండీ. ఆమెకు ఇంకో ఇల్లు చూసిపెడదాం. మీరు తాళంచెవి వాళ్లకు ఇచ్చెయ్యండి" అన్నాడు.

"నా దగ్గర లేదండీ" అన్నాను.

"డూప్లికేట్?"

"అదీ లేదు."

ఆయనకు నేను అబద్ధమాడుతున్నానని అనుమానం వచ్చి, మర్నాడే కారు వేసుకుని పుంగనూరు బయల్దేరాడు. నన్నూ ఎక్కించుకున్నాడు. ఇంటి ముందు దిగి తాళాన్ని చూసి, అక్కడే ఇసుక ఎత్తిస్తున్న నారాయణప్పను పిలిచి, "దీన్ని పగలగొట్టేయ్" అన్నాడు. నారాయణప్ప చేతిలో సుత్తి ఉంది. సుత్తి కింద పెట్టాడు.

"నావల్ల కాదు సామీ. మీ అత్తమ్మే ఈడ నిలబడింది. ఆ యమ్మ కొట్టమన్లేదు, నన్నెట్ల కొట్టమంటారు?"

"అత్త... ఇక్కడ నిలబడిందా? దేనికి?"

"తాళంచెవి కోసం సామీ. మునెమ్మ మిల్లుకాడ ఉన్నింది. అది వచ్చిందాకా ఎండలోనే నిలబడె."

అరుగుల మీద ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఆటోవాళ్లు ఇటు తిరిగారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, ఎవరూ ఎదురుచెప్పలేదు. ఊరికే చూశారు, అంతే. ప్రభాకర్ నా వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు. నిజమేనన్నాను. ఆయన చేతులు కట్టుకుని, తలుపు ముందు అలాగే నిలబడిపోయాడు. ఎవరో కబురు చెప్పినట్టున్నారు, మునెమ్మ చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఆయన ఆమె వైపు తిరిగి, "అమ్మా, కొంచెం తలుపు తీస్తారా? మిద్దె చూసి పోతాను" అన్నాడు.

తీసింది. ఆయన లోపలికి పోయి, తలెత్తి కొత్త మిద్దెను చూశాడు. చూస్తూ చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. బయటికి వచ్చాక ఆమెనే మళ్లీ తాళం వేసుకోమన్నాడు. కార్లో కూర్చున్నాక, "అద్దె కొంచెమైనా పెంచాలండీ" అన్నాడు. పెంచాం. మునెమ్మ ఒప్పుకుంది. రంగులు ఆరగానే తన తాళం తనే తీసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని లోపలికి పోయింది.

ఇప్పుడు నేను చూసే ఏ ఇంటికైనా పెద్ద పని పడి, ఉన్నవాళ్లు తాత్కాలికంగా కదలాల్సి వస్తే, తలుపుకు వాళ్ల తాళమే పడుతుంది. దానికి ఒప్పుకోని యజమానుల ఇళ్లు నేను చూడను. ఈ షరతు విని మొహం మీదే ఫోను పెట్టేసినవాళ్లున్నారు. నీకేమైనా పిచ్చా అన్నవాళ్లున్నారు. అననీ.

మునెమ్మ మాత్రం ఇన్నేళ్లలో ఏదీ అడగలేదు. తిరిగొచ్చాక కూడా ఏం కావాలో నేనే పోయి వెతుక్కోవాల్సి వచ్చేది. మొన్న పొద్దున ఫోను మోగింది. తీయగానే, పలకరింపు కూడా లేకుండా అందుకుంది: "నిర్మలమ్మా, బాత్రూం తలుపు అడుగున కుళ్లిపోయుండాది. రిపేరు జేస్తామని అతుకులెయ్యద్దండి, నాకు కొత్తదే కావల్ల. ఎప్పుడు పంపిస్తాండారు మనిషిని? ఏమ్మా, వింటాండావా?"

వింటున్నాను. ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఈ గదమాయింపు సిస్టరమ్మ వినాల్సింది. స్పీకర్లో పెట్టించుకుని మళ్లీ మళ్లీ వినేది. తలుపు కొలతలు తీసి పెట్టమని మునెమ్మకు చెప్పి, వడ్రంగికి ఫోను చేశాను.